రిటైరయ్యాక బెంగళూరులో మనకు ఏ సేవ సరిపోతుంది?

పిల్లల దగ్గర ఉందామని అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు నుంచి బెంగళూరు వచ్చేసిన నా వయసువాళ్లు ఈమధ్య నన్ను తరచూ ఒక ప్రశ్న అడుగుతున్నారు. "పదిన్నరకల్లా ఇంట్లో పనైపోతుంది. పిల్లలు ఆఫీసులకు, మనవలు స్కూళ్లకు వెళ్లిపోతారు. ఊరికే కూర్చోబుద్ధి కావట్లేదు. నలుగురికి పనికొచ్చేది ఏదైనా చేయాలనుంది, ఏం చేయమంటారు?"

నేను బ్యాంకులో ముప్పై మూడేళ్లు పనిచేసి, ఆరేళ్ల కిందట ఇక్కడికి వచ్చాను. ఈ ఆరేళ్లలో కొన్ని పనులు స్వయంగా చేశాను. కొన్ని మొదలుపెట్టి మానేశాను. కొన్ని స్నేహితులు చేస్తుంటే దగ్గరనుంచి చూశాను. అన్నిటినీ పక్కపక్కన పెట్టి చెబితే ఎంచుకోవడం తేలికవుతుందని ఇది రాస్తున్నాను.

ముందు నా పొరపాటు చెప్పాలి. వచ్చిన కొత్తలో ఉత్సాహం కొద్దీ మూడు పనులకు ఒప్పుకున్నాను. సోమ, గురువారాలు ఆసుపత్రి. మంగళ, శుక్రవారాలు కూలీల పిల్లలకు చదువు. ఆదివారం చెరువు. నాలుగు నెలలకు మోకాలు వాచింది, ఆరు వారాలు బయట తిరగొద్దన్నారు డాక్టరు. నేను రాలేదని చెరువుకు ఏమీ కాలేదు. ఆసుపత్రిలో నా బదులు ఇంకొకరు నిలబడ్డారు. కానీ నా దగ్గర చదువుకుంటున్న ఎనిమిదేళ్ల పిల్ల రెండు వారాల పాటు సాయంత్రం పూట పలక పట్టుకుని గేటు దగ్గర నిలబడేదని వాళ్లమ్మ చెప్పింది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అప్పట్నుంచి ఏ పని గురించి అడిగినా నేను మొదట చూసేది ఇదే: మనం వెళ్లని రోజున అక్కడ ఎవరు ఎదురుచూస్తారు?

ఎదురుచూసే మనిషి ఉన్న పనిలో మనకు విలువ ఎక్కువ. మాట తప్పితే కలిగే నొప్పీ ఎక్కువే. ఏటా ఆరు నెలలు అమెరికాలో కూతురి దగ్గర ఉండేవాళ్లు, ఇంట్లో మంచం పట్టిన పెద్దవాళ్లను చూసుకునేవాళ్లు, తమకే ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్నవాళ్లు అలాంటి పనికి ఒప్పుకునే ముందు రెండుసార్లు ఆలోచించాలి. వాళ్లకు సరిపోయే పనులు వేరే ఉన్నాయి, అవీ చెబుతాను.

ఆసుపత్రిలో మన తెలుగు

కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రి, మెదడు, మానసిక జబ్బులకు నిమ్హాన్స్, జయదేవ గుండె ఆసుపత్రి, వైట్‌ఫీల్డ్‌లో సత్యసాయి ఆసుపత్రి. వీటిలో ఏ ఓపీ దగ్గరైనా ఒక్క పూట నిలబడి చూడండి, ఎంత తెలుగు వినిపిస్తుందో. అనంతపురానికి బెంగళూరు రెండొందల పైచిలుకు కిలోమీటర్లు, హైదరాబాదు అంతకంటే చాలా దూరం. అందుకే పెద్ద జబ్బు అనగానే సీమ జనం ఇటే బయల్దేరతారు. రాత్రి రైలో బస్సో ఎక్కి, తెల్లారేసరికి దిగి, ముఖం కడుక్కుని నేరుగా లైన్లో నిలబడతారు. కన్నడ రాదు. ఇంగ్లీషు అసలే రాదు. నర్సు చెప్పింది సగం అర్థమవుతుంది, మిగతా సగానికి కాళ్లరిగేలా తిరుగుతారు.

ఒక బుధవారం పొద్దున ఒక పెద్దాయన కనిపించాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, చేతిలో బట్టల షాపు కవరు. కవర్లో స్కాన్ ఫిల్ములు చుట్టి రబ్బరు బ్యాండు వేసి పెట్టాడు. భార్య గోడకు ఆనుకుని కింద కూర్చుంది. ఆయన మూడు గంటలుగా ఒక భవనం నుంచి ఇంకో భవనానికి తిరుగుతున్నాడు. "యాడ అడిగినా బ్లాక్, బ్లాక్ అంటాండారుమ్మా. ఈ బ్లాకా, ఆ బ్లాకా అని తిరగతాండా" అన్నాడు. వాళ్లు అడుగుతున్నది భవనం కాదు. బయాప్సీ తీసిన ముక్కను మైనంలో పెట్టి దాచే చిన్న దిమ్మ ఉంటుంది, దాన్ని బ్లాక్ అంటారు. ఇక్కడి డాక్టర్లు దాన్ని మళ్లీ పరీక్ష చేసుకోవాలనుకున్నారు. అది ఊళ్లో పరీక్ష చేసిన ల్యాబులోనే ఉండిపోయింది. వాళ్లబ్బాయికి ఫోన్ చేయించి, ల్యాబులో ఏమని అడగాలో చెప్పి, ఒక కాగితం మీద "బ్లాక్, స్లైడ్లు, పాత రిపోర్టు, ఈ మూడూ తేవాలి" అని తెలుగులో పెద్దక్షరాలతో రాసిచ్చాను. అంతకుమించి నేను చేసిందేమీ లేదు. కానీ ఆ పావుగంట మాట సాయం లేకపోతే ఆయన ఆ రోజంతా అలాగే తిరిగి, రాత్రి బస్సుకు వట్టి చేతులతో పోయేవాడు.

తెలుగు తప్ప ఇంకే అర్హతా లేనివాళ్లు కూడా చేయగల పని ఇది. నా లెక్కలో బెంగళూరులో మనవాళ్లు మొదట ఆలోచించాల్సిందీ ఇదే. అయితే కొన్ని హద్దులు ఖచ్చితంగా పాటించాలి. డాక్టరు చెప్పింది చెప్పినట్టే తెలుగులోకి మార్చాలి, మన ధైర్యం మాటలు అందులో కలపకూడదు. జబ్బు ఎంత ముదిరిందో మన నోటితో చెప్పకూడదు. అది డాక్టరు పని. వాళ్ల డబ్బు మన చేత్తో పట్టుకోకూడదు. అందరూ మొదట అడిగేది "ఆరోగ్యశ్రీ కార్డు ఇక్కడ చెల్లుతుందా?" అని. మనకు తెలుసనిపించినా ఊహించి చెప్పొద్దు. ఏ జబ్బుకు, ఏ ఆసుపత్రిలో అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. చేయి పట్టుకుని ఆ కౌంటర్ దాకా తీసుకెళ్లండి.

చేరడానికి ప్రభుత్వాసుపత్రిలోనైతే మెడికల్ సోషల్ వర్కర్ల విభాగంలో అడగాలి. ఆధార్ కాపీ, ఒక అర్జీ తీసుకుని వెళ్లాలి. గుర్తింపు కార్డు లేకుండా వార్డుల్లో తిరగనివ్వరు, తిరగకూడదు కూడా. ఇప్పటికే అనుమతి ఉన్న ఏదైనా సంస్థ ద్వారా వెళితే తొందరగా అవుతుంది. మూడు గంటలు నిలబడగలగాలి. మనకే కీమో అయి ఉన్నా, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నా ఈ పని వద్దు. మనం వెళ్లని రోజున పేరు పెట్టి మనకోసం ఎదురుచూసేవాళ్లు ఉండరు. కాకపోతే ఎవరో ఒక పెద్దాయన ఇంకో గంట ఎక్కువ తిరుగుతాడు.

కూలీల పిల్లలకు చదువు

అపార్ట్‌మెంట్లు కడుతున్న ప్రతిచోటా రేకుల షెడ్లుంటాయి. రాయచూరు, యాదగిరి, పాలమూరు, కర్నూలు నుంచి వచ్చిన కుటుంబాలు వాటిలో ఉంటాయి. తెలుగు మాట్లాడే పిల్లలకు ఇక్కడి బడి కన్నడ బడి. చాలామంది తల్లిదండ్రులు "టీసీ లేదు, బర్త్ సర్టిఫికెట్ లేదు, ఇక బళ్లో ఎవరు చేర్చుకుంటారు" అని ఊరుకుంటారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను వయసు కాగితం లేదని గానీ, టీసీ ఆలస్యమైందని గానీ బడి వెనక్కి పంపకూడదు. వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకుని, వెనకబడినదాన్ని విడిగా నేర్పించాలి. కాబట్టి మన మొదటి పని పాఠం చెప్పడం కాదు. తల్లిని వెంటబెట్టుకుని హెడ్‌మాస్టరు గదికి వెళ్లడం.

ఆ తర్వాత తెలుగునుంచి కన్నడకు వంతెన వేయాలి. ఇది మనవాళ్లకు దొరికిన వరం. రెండు లిపులూ ఒక తల్లి పిల్లలే. నేను గేటు దగ్గరి పిల్ల అని చెప్పాను కదా, ఆ అమ్మాయికి ఊళ్లో ఒకటో తరగతి తెలుగు వచ్చు. కన్నడ పుస్తకం చూడగానే ఏడుపుముఖం పెట్టేది. ఒకరోజు పలక మీద మన 'గ' రాశాను. పక్కనే కన్నడ 'గ' రాశాను. మన తలకట్టు టిక్కు మార్కులా పైకి లేస్తుంది. కన్నడలో అదే చోట అడ్డంగా గీసి, చివర చిన్న వంపు తిప్పుతారు. పేరు కూడా తలెకట్టే. ఆ పిల్ల రెండిటినీ వేలితో దిద్ది, తలెత్తి "అవ్వా, ఇది మన 'గ'నే, టోపీ మార్చుకునింది" అంది. ఆ సాయంత్రం పది అక్షరాలకు టోపీలు మార్చింది.

ఇంత సంతోషం ఇచ్చే పని ఇంకొకటి నేను చూడలేదు. అందుకే జాగ్రత్త కూడా ఎక్కువ చెబుతున్నాను. జూన్ నుంచి మార్చి దాకా ఊరు కదలనని నమ్మకం ఉంటేనే ఒప్పుకోండి. వారానికి ఒక్కరోజే వెళ్లండి, కానీ ఆ రోజు తప్పొద్దు. పిల్లలతో మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు, ఫోటోలు తీయకూడదు. సంస్థవాళ్లు పోలీసు వెరిఫికేషన్ అడిగితే చిన్నబుచ్చుకోవద్దు. అడిగిన సంస్థే మంచి సంస్థ. నేను మొదట వెళ్లిన ఒకచోట బిస్కెట్ ప్యాకెట్లు పిల్లల చేతిలో పెట్టి, వాళ్లను వరసగా నిలబెట్టి, దాతలు వచ్చేదాకా ఎండలో ఉంచారు. రెండోసారి ఆ గడప తొక్కలేదు. మీరు కూడా అలాంటిచోట మొహమాటానికి ఉండిపోకండి.

ఇంకొకటి. భవనం పూర్తయిన వారం ఆ కుటుంబం చెప్పాపెట్టకుండా ఇంకో సైటుకు వెళ్లిపోతుంది. ఆ ఎడబాటుకు మనసు సిద్ధం చేసుకోవాలి.

చూపులేనివాళ్లకు చదివిపెట్టడం

చాలామంది పెద్దవాళ్లు పరీక్షల్లో వాళ్లు చెప్పే జవాబులు రాసిపెట్టే స్క్రైబ్‌గా కూర్చుందామని వెళ్లి నిరాశపడి వస్తారు. దానికి కారణం ఉంది. 2018లో కేంద్రప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల్లో, అభ్యర్థి సొంతంగా తెచ్చుకునే స్క్రైబ్ చదువు ఆ అభ్యర్థి చదువుకంటే ఒక మెట్టు తక్కువ ఉండాలని పెట్టారు. డిగ్రీ పరీక్ష రాసే అబ్బాయికి ఎమ్మే చదివిన మనం పనికిరాం. ప్రతి పరీక్షకూ నిబంధన విడిగా ఉంటుంది కాబట్టి ముందు ఆ నోటిఫికేషన్ చదవండి.

మన చదువు అడ్డం కాకుండా ఉపయోగపడే పని, పుస్తకాలు చదివి రికార్డు చేయడం. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక, చూపులేనివాళ్ల కోసం పుస్తకాన్ని ఆడియోగానో బ్రెయిలీగానో మార్చడానికి చట్టం వెసులుబాటు ఇస్తోంది. లాభం కోసం కాకుండా, వాళ్లకు మాత్రమే అందేలా చేయాలి. హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్‌లో 1990 నుంచి నడుస్తున్న మిత్రజ్యోతికి ఆడియో పుస్తకాల లైబ్రరీ ఉంది. ఇలాంటి సంస్థను అడిగి, ఇప్పుడు ఏ విద్యార్థికి ఏ పుస్తకం కావాలో తెలుసుకుని మొదలుపెట్టండి. మనకు నచ్చిన నవల చదివి పంపితే అది అప్పటికే అక్కడ ఉండొచ్చు.

ఫోన్ చాలు. ఫ్యాను ఆపి, తలుపు వేసి, బట్టల బీరువా తలుపులు తెరిచి దాని ముందు కూర్చుని చదవండి. బట్టలు ప్రతిధ్వనిని పీల్చేసుకుంటాయి. ఇరవై నిమిషాలకు మించి ఒక్క ఊపులో చదవొద్దు, గొంతు పోతుంది. పట్టిక వచ్చినప్పుడు "ఇక్కడ ఒక పట్టిక ఉంది" అని వదిలేయకూడదు, గడి గడీ చదవాలి. బొమ్మను మాటల్లో చెప్పాలి. పరీక్షల ముందు గడువు తప్ప రోజువారీ ఎదురుచూపు ఉండదు. అమెరికా వెళ్లినా ఆగదు. మోకాళ్లు పనిచేయకపోయినా ఆగదు. ఇల్లు కదల్లేనివాళ్లకు నేను చెప్పేది ఇదే.

చివరి రోజుల్లో తోడు

మారతహళ్లి దగ్గర కరుణాశ్రయ ఉంది. ఇక నయం కాదని తేలిన క్యాన్సర్ రోగులను చూసుకునే చోటు. 1994లో ట్రస్టు పెట్టారు, 1999 నుంచి అక్కడ రోగులను ఉంచుకుని పైసా తీసుకోకుండా సేవ చేస్తున్నారు. ఇలాంటి చోట వాలంటీరు పని అంటే పెద్ద పనులుండవు. తల దువ్వడం, పేపరు చదివి వినిపించడం, ఊరికే పక్కన కూర్చోవడం. నా స్నేహితురాలు ఒకామె ఇలాంటి పని ఏళ్ల తరబడి చేస్తోంది. "మాట్లాడటం కంటే ఊరుకోవడం నేర్చుకోవడానికే నాకు ఏడాది పట్టింది" అంటుంది.

నేను చేయలేకపోయాను. మా అమ్మ పోయి అప్పటికి ఏడు నెలలే అయింది. రెండోసారి వెళ్లినప్పుడు ఒకామె నీళ్లు తాగుతూ గ్లాసు పట్టుకున్న తీరు అచ్చం మా అమ్మదే. బయటికి వచ్చేసి మెట్ల మీద కూర్చున్నాను. ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకుని కనీసం ఏడాది దాటకపోతే ఈ పని వాయిదా వేసుకోండి. శిక్షణ ఇవ్వకుండా నేరుగా రోగి దగ్గరికి పంపే చోటుకు మాత్రం ఎప్పుడూ వెళ్లొద్దు.

చెరువు, చెత్త

మాటలు ఎక్కువ ఇష్టపడని మగవాళ్లకు, ఎప్పుడు ఖాళీ ఉంటుందో ముందుగా చెప్పలేనివాళ్లకు ఇది మంచిది. జేపీ నగర్ వైపు పుట్టేనహళ్లి చెరువు ఎండిపోతుంటే చుట్టుపక్కలవాళ్లే 2010లో ట్రస్టు పెట్టుకుని బతికించుకున్నారు. మీ ఇంటి దగ్గరి చెరువుకూ ఇలాంటి బృందం ఉండొచ్చు, వాకింగ్‌కు వచ్చేవాళ్లను అడగండి. కలుపు తీయడం, పక్షులు లెక్కపెట్టడం, మొక్కలకు నీళ్లు పోయడం. తడి, పొడి చెత్త వేరుచేయాలని హైకోర్టు 2012లోనే చెప్పినా ఇప్పటికీ చేయని ఇళ్లు ఎన్నో. తలుపు తట్టి ఓపికగా చెప్పడానికి నెరిసిన జుట్టు బాగా పనికొస్తుంది.

మన అపార్ట్‌మెంట్‌లోనే

సేవ అంటే బస్సెక్కి ఎక్కడికో వెళ్లాలనుకుంటాం. పై అంతస్తులో ఒంటరిగా ఉన్న ఎనభై రెండేళ్లాయన పింఛను ఆగిపోతుందేమోనని నవంబరంతా టెన్షన్ పడుతుంటాడు. లైఫ్ సర్టిఫికెట్ కోసం ఆటో మాట్లాడుకుని బ్యాంకుకు వెళ్లి, అక్కడ వేలిముద్ర పడక తిరిగొస్తాడు. జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ 2014 నుంచి ఉంది. ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపించి ఇంట్లోనే ఇవ్వొచ్చు. ఎనభై దాటిన కేంద్రప్రభుత్వ పింఛనుదారులు అక్టోబరు నుంచే ఇచ్చుకోవచ్చు. డెబ్బై దాటినవాళ్లకు కొన్ని బ్యాంకు సేవలు ఇంటి దగ్గరే అందించాలని రిజర్వు బ్యాంకు 2017లో బ్యాంకులకు చెప్పింది. ఇవి తెలియని పెద్దవాళ్లు ప్రతి అంతస్తులో ఉన్నారు.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో శనివారం పదకొండుకు క్లబ్ హౌస్‌లో ఒక టేబుల్ వేసుకుని కూర్చుంటాను. వచ్చినవాళ్లు ఫోన్లు తెస్తారు. ఒకసారి ఒకావిడ గజగజ వణుకుతూ వచ్చింది. పోలీసులమని వీడియో కాల్ చేసి, "డిజిటల్ అరెస్ట్" చేశామని, ఫోన్ పెట్టేయొద్దని చెప్పారట. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. ఫోన్ కట్ చేయించి, నీళ్లు తాగించి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయించాను. డబ్బు ఇంకా పోలేదు. బ్యాంకులో ఉన్నన్నాళ్లూ రోజూ చేసిన పనే ఇది, కానీ ఆ రోజు ఆమె నా చేయి పది నిమిషాలు వదల్లేదు.

ఈ పనికి నాదొక నియమం: పిన్, ఓటీపీ నేను చూడను, నా వేలితో నొక్కను. వాళ్లే నొక్కాలి, వాళ్ల పిల్లలకు విషయం తెలిసి ఉండాలి. తోడు లేని పెద్దవాళ్లకు 14567 నంబరు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించిపెట్టండి. పెద్దవాళ్ల కోసం దేశమంతటా ఉన్న ఉచిత హెల్ప్‌లైన్ అది.

రాకపోకల సంగతి

దూరం సేవను చంపేస్తుంది. సిల్క్ బోర్డు దగ్గర గంటన్నర ఇరుక్కున్నాక ఎంత మంచి మనసైనా రెండో నెలకు విసిగిపోతుంది. ఇంటినుంచి నలభై నిమిషాలు దాటే పనికి నేను ఎవరినీ పంపను, మెట్రో ఉంటే తప్ప. 2025 ఆగస్టులో యెల్లో లైను వచ్చాక జయదేవ ఆసుపత్రి దగ్గరే స్టేషన్ ఉంది. పర్పుల్ లైన్లో సత్యసాయి ఆసుపత్రి స్టేషన్ ఉంది. లిఫ్టులు ఉంటాయి కాబట్టి మోకాళ్లకు సుఖం. ఆడవాళ్లకు మామూలు సిటీ బస్సుల్లో టికెట్ లేకుండా వెళ్లే శక్తి పథకం 2023 జూన్ నుంచి ఉంది, కానీ కర్ణాటక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. ఆధార్‌లో ఇంకా అనంతపురం అడ్రసే ఉంటే ముందు అది మార్పించుకోండి.

ఇక ఎంచుకునేటప్పుడు

ఊరు కదలనివాళ్లు, ఆరోగ్యం నిలకడగా ఉన్నవాళ్లు, పిల్లలంటే ప్రాణం పెట్టేవాళ్లు చదువు వైపు వెళ్లండి. నిలబడగలిగి, మాట కలుపుగోలుతనం ఉన్నవాళ్లు ఆసుపత్రికి. అటూ ఇటూ తిరిగేవాళ్లు రికార్డింగ్‌కు లేదా చెరువుకు. ఆఫీసు, బ్యాంకు, పోస్టాఫీసు పని తెలిసినవాళ్లు సొంత అపార్ట్‌మెంట్‌లోనే మొదలుపెట్టండి. రెండిటి మధ్య తేల్చుకోలేకపోతే ఇంటికి దగ్గరున్నదే తీసుకోండి.

ఒకే పని, వారానికి ఒకే రోజు, మూడు నెలలు. మొదటి రోజే "మూడు నెలలు వస్తాను, తర్వాత చెబుతాను" అని మాటివ్వండి. జీవితాంతం వస్తానని ఉద్వేగంలో అనొద్దు. మానేయాల్సి వస్తే రెండు వారాల ముందు చెప్పి, వీలైతే మీ బదులు ఒకరిని చూపించి, ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఒకరోజు పనిచేయండి. నేను ఆ ఎనిమిదేళ్ల పిల్ల విషయంలో చేయనిది అదే.

మొదటి రోజు ఆసుపత్రికి వెళ్లేవాళ్లు చదివే కళ్లద్దాలు, నీళ్ల సీసా, ఒక రాతపుస్తకం, లావుపాటి నల్ల మార్కర్ పెన్ను తీసుకెళ్లండి. మీరు నోటితో చెప్పింది వాళ్లు కంగారులో మరిచిపోతారు. లావక్షరాలతో తెలుగులో రాసిచ్చిన కాగితాన్ని మాత్రం మడిచి జేబులో పెట్టుకుని ఊరిదాకా తీసుకెళతారు.